సింగపూర్ చూడాలి, అప్పు చేయకూడదు

ప్రశ్న: మాది తిరుపతి. ఒక ప్రైవేటు కళాశాలలో అధ్యాపకుణ్ణి. నెలకు 52 వేలు చేతికొస్తుంది. మా ఆవిడ ఇంట్లోనే బట్టలు కుట్టి సగటున తొమ్మిది వేలు సంపాదిస్తుంది. అమ్మాయి పదో తరగతి, అబ్బాయి ఆరో తరగతి చదువుతున్నారు. పరీక్షలు అయిపోగానే ఈ మే నెలలో సింగపూర్ తీసుకెళ్తానని అమ్మాయికి మాట ఇచ్చాను. ఐదు రోజుల ప్యాకేజీకి ఏజెంటు తలకు 95 వేలు చెబుతున్నాడు. నెలకు పది వేల చొప్పున 30 నెలలు కట్టాల్సిన మూడు లక్షల చీటీలో 14 వాయిదాలు కట్టాను. ఇప్పుడు పాడుకుంటే 65 వేలు పోయి 2 లక్షల 35 వేలు వస్తుందంటున్నారు. 12 శాతం వడ్డీ మీద లక్షా 40 వేల బంగారు రుణం ఉంది. 90 వేల ఫిక్స్‌డ్ డిపాజిట్ ఉంది. చీటీ, రుణ వడ్డీ సహా ఖర్చులన్నీ పోను నెలకు ఏడున్నర వేలు మిగులుతుంది. చీటీ పాడుకుని, తక్కువపడినదానికి వ్యక్తిగత రుణం తీసుకోవచ్చా? అంత ఖరీదైన ఊరిని మాలాంటివాళ్లు తక్కువ డబ్బుతో చూడగలరా?

జవాబు: చూడగలరు. అయితే ఈ మేలో వద్దు, ఆ ప్యాకేజీలోనూ వద్దు. వచ్చే ఏడాది ఏప్రిల్ చివరి వారంలో, నలుగురికీ కలిపి దాదాపు 2 లక్షల 42 వేల రూపాయలతో, కొత్తగా ఒక్క రూపాయి అప్పు చేయకుండా మీరు సింగపూర్ వెళ్లి రావచ్చు. అప్పటికి కుదువలో ఉన్న నగ కూడా ఇంటికి వచ్చేస్తుంది. అది ఎలాగో వివరిస్తాను.

ముందు చీటీ సంగతి చూద్దాం, ఎందుకంటే మీరు వేసుకున్న పథకంలో అన్నిటికన్నా ఎక్కువ నష్టం అక్కడే ఉంది. చివరిదాకా ఆగితే, నిర్వాహకుల కమిషన్ ఐదు శాతం అనుకున్నా, మీకు 2 లక్షల 85 వేలు వస్తుంది. ఇప్పుడు పాడుకుంటే వచ్చేదానికీ దీనికీ తేడా 50 వేలు. 2 లక్షల 35 వేలను 16 నెలలు ముందుగా వాడుకున్నందుకు 50 వేలు వదులుకోవడమంటే ఏడాదికి దాదాపు 16 శాతం వడ్డీ కట్టడమే. అంటే బంగారు రుణం కన్నా కూడా అది ఖరీదైన అప్పు. పైగా ప్యాకేజీ మొత్తం 3 లక్షల 80 వేలు కనుక ఇంకా లక్షా 45 వేలు వ్యక్తిగత రుణం కావాలి. దాన్ని 14 శాతం వడ్డీతో మూడేళ్లకు తీసుకుంటే నెలవాయిదా ఐదు వేలకు దగ్గరగా ఉంటుంది. మీ మిగులు ఏడున్నర వేల నుంచి రెండున్నర వేలకు పడిపోతుంది. సరిగ్గా అదే సమయంలో, జూన్‌లో, అమ్మాయి ఇంటర్ ఫీజు మొదటి వాయిదా కట్టాల్సి వస్తుంది. ప్రయాణం ఐదు రోజుల్లో ముగుస్తుంది, దాని వాయిదాలు మాత్రం అమ్మాయి డిగ్రీలో చేరిన తరువాత కూడా నడుస్తూనే ఉంటాయి.

ఏజెంటును ఒక్క మాట అడగండి: ఆ 95 వేలలో జీఎస్టీ, టీసీఎస్ (చెల్లించేటప్పుడే ముందుగా వసూలు చేసే ఆదాయపు పన్ను) కలిసి ఉన్నాయా? విదేశీ ప్యాకేజీ మీద 5 శాతం జీఎస్టీ అంటేనే మీ నలుగురికీ 19 వేలు అవుతుంది. 2026 బడ్జెట్‌లో టీసీఎస్‌ను 2 శాతానికి తగ్గించారు. ఆ డబ్బు ఆదాయపు పన్ను రిటర్నులో సర్దుబాటు అవుతుంది కాబట్టి నష్టం కాదు, కానీ ముందు చెల్లించక తప్పదు. విమానం, హోటలు ఎవరికి వారు విడివిడిగా బుక్ చేసుకుంటే, ఏడాదిలో విదేశాలకు పంపే మొత్తం 10 లక్షలు దాటనంతవరకు టీసీఎస్ ఉండదు.

ఇక ఊరి ఖరీదు సంగతి. ప్రపంచంలోని ఖరీదైన నగరాల జాబితాల్లో సింగపూర్ తరచుగా ముందు వరుసలో ఉంటుంది. అయితే ఆ జాబితాల లెక్కలోకి వచ్చే కారు, మద్యం, పెద్ద ఇంటి అద్దె వంటివి నాలుగు రోజుల యాత్రికుడికి అవసరం లేదు. మన తిరుమలనే తీసుకోండి. వేలు పోసి దర్శనం చేసుకునేవారూ, ఉచిత బస్సులో తిరిగి, వెంగమాంబ అన్నప్రసాద భవనంలో భోంచేసి, యాత్రికుల వసతి సముదాయంలో పడుకుని వచ్చేవారూ ఒకే కొండ మీద ఉంటారు. సింగపూర్‌లోనూ ప్రభుత్వం జనం కోసం ఏర్పాటు చేసినవి చౌక, వ్యాపారులు యాత్రికుల కోసం కట్టినవి ప్రియం. మెట్రో, బస్సు, హాకర్ సెంటర్లనే భోజనశాలలు, పార్కులు మొదటి రకం. హోటల్ గది, థీమ్ పార్కు, ఏసీ రెస్టారెంటు రెండో రకం. కాబట్టి బడ్జెట్ వేసేటప్పుడు ఎన్ని రాత్రులు ఉంటారు, ఎన్ని టికెట్లు కొంటారు అన్న రెండు విషయాల మీదే మీ దృష్టి ఉండాలి. ఇడ్లీకి బదులు బిస్కెట్ తిని మిగిల్చేది ఎంతో ఉండదు.

సింగపూర్ డాలరును 72 రూపాయలుగా అనుకుని లెక్క వేశాను. చెన్నై నుంచి రానుపోను విమాన టికెట్లు, రెండు నెలలు ముందుగా వారం మధ్యలోని రోజులకు కొంటే, తలకు 22 వేల చొప్పున 88 వేలు. వీసాలకు ఏజెంటు రుసుముతో సహా 14 వేలు. లిటిల్ ఇండియా ప్రాంతంలో నలుగురు పట్టే గది రాత్రికి 170 డాలర్ల చొప్పున నాలుగు రాత్రులకు 49 వేలు. ఐదు రోజుల భోజనాలకు నలుగురికీ రోజుకు 75 డాలర్ల చొప్పున 27 వేలు. మెట్రో, బస్సులకు 8,600. ఒకే ఒక్క పెద్ద టికెట్టుకు, అంటే యూనివర్సల్ స్టూడియోస్ వంటి థీమ్ పార్కుకు, 23 వేలు. ప్రయాణ బీమాకు నాలుగు వేలు, తిరుపతి నుంచి చెన్నై విమానాశ్రయానికి వెళ్లి రావడానికి నాలుగు వేలు, సిమ్ కార్డు, చిల్లర ఖర్చులకు రెండు వేలు. ఇదంతా 2 లక్షల 20 వేలకు కాస్త తక్కువ. పది శాతం చేతిలో ఉంచుకుంటే 2 లక్షల 42 వేలు. విమానం, హోటలు ధరలు నా అంచనాలు మాత్రమే కనుక బుక్ చేసే రోజున మీరే సరిచూసుకోండి.

తిండి దగ్గర పెద్దగా తగ్గించకుండానే ఖర్చు అదుపులో ఉంటుందని చెప్పడానికి ఒక ఉదాహరణ ఇస్తాను. లిటిల్ ఇండియా మెట్రో స్టేషన్ దిగగానే ఎదురయ్యే టెక్కా సెంటర్‌లో దోసె, అన్నం, కూర వంటివి ఒక్కొక్కరికి నాలుగు నుంచి ఏడు డాలర్లలో దొరుకుతాయి, రాసి ఉన్న ధరే కడతారు. అదే ఏసీ రెస్టారెంటు మెనూలో ధర పక్కన రెండు ప్లస్ గుర్తులు కనిపిస్తాయి. వాటి అర్థం 10 శాతం సర్వీసు చార్జీ, దానిపైన 9 శాతం జీఎస్టీ. నలుగురు తిన్న 80 డాలర్ల భోజనం బిల్లు దాదాపు 96 డాలర్లు అవుతుంది. అడక్కుండానే బల్లమీద పెట్టే వేరుశనగలకూ, తడి టిష్యూలకూ కొన్నిచోట్ల విడిగా వేస్తారు. వద్దనుకుంటే తాకకుండా వెనక్కి పంపేయవచ్చు. అక్కడ కుళాయి నీళ్లు నేరుగా తాగవచ్చు. మనిషికొక సీసా తీసుకెళ్తే నీళ్ల ఖర్చు ఉండదు. మెట్రో రైల్లో మాత్రం ఏదీ తినకూడదు, తాగకూడదు. పిల్లలకు ముందే చెప్పండి, జరిమానా 500 డాలర్ల వరకు ఉంటుంది.

చూడవలసినవాటిలో చాలా భాగం ఉచితం. గార్డెన్స్ బై ది బే తోటలో బయటి ప్రదేశాలకూ, రాత్రి 7:45కి, 8:45కి జరిగే సూపర్‌ట్రీ దీపాల ప్రదర్శనకూ టికెట్టు లేదు, అక్కడి అద్దాల గుమ్మటాలకే ఉంది. 2015లో యునెస్కో వారసత్వ గుర్తింపు పొందిన బొటానిక్ గార్డెన్స్‌కు ప్రవేశం ఉచితం. చాంగీ విమానాశ్రయం పక్కనే జ్యువెల్ భవనంలో 40 మీటర్ల ఎత్తు నుంచి దూకే జలపాతాన్ని, తిరుగు ప్రయాణంలో కొంచెం ముందుగా బయలుదేరితే ఖర్చు లేకుండా చూడవచ్చు. సెంటోసా దీవికి రైలెక్కితే తలకు నాలుగు డాలర్లు, వంతెన మీదుగా నడిచి వెళితే ఏమీ లేదు. సెరంగూన్ రోడ్డులో 1855లో వెలసిన శ్రీనివాస పెరుమాళ్ కోవెల మీ గదికి నడక దూరంలోనే ఉండేలా చూసుకోవచ్చు. ఏడుకొండలవాడి ఊరినుంచి వెళ్లి అక్కడ ఆయన దర్శనం చేసుకోవడం మీ ఆవిడకు యూనివర్సల్ కన్నా నచ్చినా నాకు ఆశ్చర్యం లేదు.

ఇప్పుడు డబ్బు సమకూర్చుకునే మార్గం. ప్రయాణం కోసం ఆరున్నర శాతం వడ్డీకి రికరింగ్ డిపాజిట్ మొదలుపెట్టాలని చాలామందికి అనిపిస్తుంది, కానీ 12 శాతం రుణం మెడ మీద ఉండగా అది సరైన పద్ధతి కాదు. నెలనెలా వడ్డీ 1,400తో పాటు ఆరు వేలు అసలు కింద బంగారు రుణానికే కట్టండి. వడ్డీ తగ్గుతున్నా నెలకు 7,400 కట్టడం ఆపకండి. ఈ జనవరి నుంచి మొదలుపెడితే వచ్చే ఫిబ్రవరి నాటికి బాకీ దాదాపు 50 వేలకు దిగుతుంది. పాక్షిక చెల్లింపులు తీసుకుంటారా, గడువు ముగిసినప్పుడు తిరగరాయడానికి ఎంత రుసుము అన్నది బ్యాంకులో ఈ వారమే కనుక్కోండి.

చీటీని వచ్చే ఫిబ్రవరి పాటలో పాడండి. చివరి నెలల్లో పాడేవారు తగ్గిపోతారు కనుక కమిషన్ మీద పోయేది స్వల్పం. ఐదు వేలు అదనంగా పోయిందనుకున్నా 2 లక్షల 80 వేలు వస్తుంది. అందులో 50 వేలతో నగ విడిపించండి. మిగిలిన 2 లక్షల 30 వేలకు, మార్చి, ఏప్రిల్ నెలల్లో రుణానికి కట్టే పని తప్పిన 7,400 చొప్పున దాదాపు 15 వేలు కలిస్తే 2 లక్షల 45 వేలు. విమాన టికెట్లు ఫిబ్రవరిలోనే కొనాలి కాబట్టి ఏప్రిల్ దాకా ఆగకుండా రెండు నెలలు ముందు పాడమంటున్నాను. మిగతా వాయిదాలకు నిర్వాహకులు జామీను అడుగుతారు, ఆ కాగితాలు జనవరిలోనే సిద్ధం చేసుకోండి. మీ చీటీ సంస్థ రిజిస్టరు అయిందో లేదో కూడా ఇప్పుడే చూసుకోండి. కాకపోతే నా లెక్కలేవీ పనికిరావు.

దీనికి ఒక అడ్డంకి ఉంది. ఇంటర్ చేరాక ఫీజు నెలకు సగటున నాలుగు వేలు పెరిగితే మీ మిగులు మూడున్నర వేలకు తగ్గి, అసలు కింద కట్టాల్సిన ఆరు వేలకు నెలకు రెండున్నర వేలు తక్కువపడుతుంది, ఏప్రిల్ నాటికి అది 27 వేలకు పైమాట. అప్పుడు యూనివర్సల్ టికెట్లు మానేసి, నాలుగు రాత్రులను మూడు చేసుకోండి, సరిపోతుంది. పెళ్ళిళ్ల నెలల్లో కుట్టుపని మీద అదనంగా వచ్చే డబ్బును ఈ లోటుకే కేటాయిస్తే ఆ అవసరం రాకపోవచ్చు. 90 వేల డిపాజిట్ జోలికి మాత్రం ఏ పరిస్థితిలోనూ వెళ్లకండి, అది మీ రెండు నెలల ఖర్చుకు కూడా చాలని అత్యవసర నిధి.

చిన్న విషయాలు కొన్ని. పిల్లల పాస్‌పోర్టు గడువు సాధారణంగా ఐదేళ్లే, తిరుగు ప్రయాణం తరువాత కూడా గడువు ఆరు నెలలు మిగలాలి. వీసాకు సింగపూర్ ప్రభుత్వం తీసుకునేది 30 డాలర్లు, తిరస్కరించినా అది తిరిగి రాదు. ఆగమన పత్రాన్ని (అరైవల్ కార్డు) సింగపూర్ చేరే రోజుతో కలిపి మూడు రోజుల లోపు ఆన్‌లైన్‌లో నింపాలి, అది పూర్తిగా ఉచితం, దానికి డబ్బు అడిగే వెబ్‌సైటు ప్రభుత్వానిది కాదు. మన బ్యాంకు కార్డునే మెట్రో గేటుకు తాకించి వెళ్లవచ్చు గానీ విదేశీ కార్డుకు రోజుకు 60 సెంట్లు అదనంగా వేస్తారు, ఒక్కొక్కరికి ఒక కార్డు కావాలి కూడా. నలుగురికీ అక్కడి ప్రయాణ కార్డులే మేలు. దుకాణంలో కార్డు గీసినప్పుడు రూపాయల్లో చెల్లిస్తారా అని యంత్రం అడిగితే సింగపూర్ డాలర్లే ఎంచుకోండి, రూపాయల్లో మారకం రేటు వాళ్లు వేసిందే అవుతుంది.

అమ్మాయికి తేదీ మారిందని చెప్పేటప్పుడు ఈ లెక్క కూడా తన ముందు పెట్టండి. పదో తరగతి పిల్లకు ఈ కూడికలు, వడ్డీ శాతాలు కష్టం కావు. యూనివర్సలా, నాలుగో రాత్రా అన్న నిర్ణయం తనకే వదిలేయండి.