కిల్ట్ మీదికి పాత కోటు: కత్తెర పెట్టే ముందు

చిరంజీవికి ఆశీస్సులు.

గ్లాస్గోలో స్నేహితుడి పెళ్ళికి కిల్ట్ (స్కాట్లాండ్ మగవాళ్ళు నడుముకి చుట్టుకునే కుచ్చిళ్ళ ఉన్నిబట్ట) కుదిరిందనీ, పైకి పాత బట్టలమ్మే చారిటీ షాపుల్లో ట్వీడ్ (ముతక ఉన్ని) కోటు వెతికి, దాన్నే కత్తిరించి కిల్ట్ మీదికి కురచ చేసుకుంటాననీ రాశావు. ఇంకా కొనలేదు కదా, మంచిదే.

భుజాలు సరిపోని కోటు ఎంత చవకైనా వదిలెయ్. నడుము బిగించవచ్చు, చేతులు పొట్టి చేయవచ్చు. భుజం జోలికెళితే కోటంతా విప్పాలి. మూడు గుండీలది చూడు. రెండు గుండీల వాటిలో పెట్టుకునే గుండీ కిందికి ఉంటుంది, ముందు భాగం వంపు తిప్పడానికి చోటు మిగలదు. ముందు భాగాలు ఒకదానిమీదొకటి వచ్చి రెండు వరసల గుండీలుండే డబుల్ బ్రెస్టెడ్ వద్దే వద్దు. లోపల గోళం మీద శిలువ ముద్రతో హారిస్ ట్వీడ్ పట్టీ కనిపిస్తే అదృష్టమే: స్కాట్లాండ్‌లోని ఔటర్ హెబ్రిడీస్ దీవుల్లో నేతగాళ్ళు ఇళ్ళ దగ్గరే నేసే ఉన్ని అది, ఆ పేరుకి 1993 నుంచి చట్టమే ఉంది.

ప్యాంటు మీద వేసుకుని పొడవు తేల్చుకోకు. అందరూ తప్పు చేసేది అక్కడే. కిల్ట్ తుంటి మీద కాదు, బొడ్డు దగ్గరో కాస్త పైనో కూర్చుంటుంది. కిల్ట్ కట్టుకుని, స్పోరన్ (కిల్ట్ ముందు వేలాడే సంచి) తగిలించుకుని అద్దం ముందు నిలబడు. స్పోరన్ పై అంచు బెల్ట్ బకిల్ కింద అరచేయి వెడల్పులో వేలాడుతుంది, కోటు దాన్ని కప్పకూడదు. వెనక కుచ్చిళ్ళని కుట్టి బిగించిన భాగం ఎక్కడ ఆగుతుందో కోటు అంచు అక్కడికి రావాలి. ఇంకా దిగితే కుచ్చిళ్ళు కోటుని తన్ని, వెనక చీలిక బాతు తోకలా లేస్తుంది. సాధారణంగా 3 అంగుళాలు తగ్గిస్తే చాలు. గుండుసూదులతో మడిచి, చేతులు పైకెత్తి చూడు. కోటుకీ కిల్ట్‌కీ మధ్య చొక్కా తొంగిచూస్తే ఎక్కువ ఎత్తేశావు.

ఇక కత్తెర. ముందు అస్తరు కింది కుట్టు విప్పు. పూర్తయ్యే అంచుకి చాక్ గీత గీసి, మడతకి 1½ అంగుళం వదిలి కొయ్యి. ముందు వంపుకి కాగితం నమూనా తప్పదు. పెట్టుకునే గుండీకి అంగుళం కింద మొదలై, స్పోరన్ పక్కకి గుండ్రంగా తిరగాలి. అదే కాగితం తిప్పి రెండోవైపు గీయి. కంటి అంచనాతో గీస్తే రెండు వంపులూ ఎప్పటికీ కలవవు. ఇక్కడ కుట్టుకి ⅜ అంగుళం చాలు. కోటు ముందు భాగం బిగువుగా నిలవడానికి లోపల వేసిన కాన్వాస్ గుడ్డని గీత వరకే కొయ్యి, లేకపోతే అంచు మొద్దుగా తయారవుతుంది. వంపు పొడవునా సన్నని నూలు టేపు కాస్త బిగువుగా చేతికుట్టు వెయ్యి. ఏటవాలుగా తెగిన ట్వీడ్ సాగుతుంది. టేపు లేని అంచు రెండు నెలల్లో చెవిలా బయటికి తిరుగుతుంది. తర్వాత పైబట్ట, లోపలి పట్టీ మంచివైపులు ఎదురెదురుగా పెట్టి కుట్టి, అంచుల్ని ఒకటి ఎక్కువ ఒకటి తక్కువగా కత్తిరించి, తిప్పి, తడిగుడ్డ వేసి ఇస్త్రీ చెయ్యి. ఆవిరి పోకముందే చెక్కముక్కతో నొక్కి పట్టుకుంటే అంచు కత్తిలా కూర్చుంటుంది.

జేబు సంచులు కొత్త అంచు కిందికి వేలాడతాయి, వాటినీ కురచ చెయ్యి. అతుకు జేబులైతే విప్పి పైకి జరపవచ్చు గానీ, కింద వెలవని బట్ట వేరే రంగులో బయటపడుతుంది. అస్తరు బిగించేటప్పుడు అర అంగుళం వదులు ఉంచు, లేదంటే కోటు అంచు లోపలికి లాక్కుంటుంది.

కోసిన 3 అంగుళాల పట్టీతో భుజం పట్టీలు వస్తాయి, చేతి చివర వెడల్పుగా మడిచినట్టుండే గాంట్లెట్ కఫ్ రాదు. చేతులు సాదాగా ఉంచెయ్. ప్లాస్టిక్ గుండీలు తీసి కొమ్ము గుండీలు వేస్తే చాలు.

పిలుపులో బ్లాక్ టై (రాత్రి విందుకి లాంఛనమైన దుస్తులు) అని ఉంటే మాత్రం ఈ కోటు పనికిరాదు. పాత డిన్నర్ జాకెట్‌ని, కిల్ట్ మీద లాంఛనంగా వేసుకునే ప్రిన్స్ చార్లీ కోటుగా మార్చాలనీ చూడకు. ప్రిన్స్ చార్లీ ముందు భాగం నడుము దగ్గరే ఆగుతుంది, వెనక పొట్టి తోకలు విడిగా కోసినవి. ఆ పూటకి అద్దెకు తెచ్చుకో.

ఆశీస్సులతో,
పెదనాన్న