భుజం జారి, స్లింగ్ తీశాక పుషప్స్ ఎప్పుడు?

విశాఖ ఆర్కే బీచ్‌లో వాలీబాల్ స్మాష్ కొడుతుంటే భుజం ముందుకు జారిందనీ, మూడు వారాలకు స్లింగ్ తీశారనీ, ఇక పుషప్స్ చెయ్యొచ్చా అనీ అడిగారు. ఇప్పుడే వద్దు.

ఎక్కువగా చెయ్యి పక్కకెత్తి వెనక్కి తిప్పినప్పుడు ఈ కీలు ముందుకు జారుతుంది. స్మాష్‌కి చెయ్యి లాగేదీ అలాగే, సిటీ బస్సులో పై రాడ్ పట్టుకుని నిలబడేదీ దాదాపు అలాగే. మద్దిలపాలెం దగ్గర ఒక్క సడెన్ బ్రేక్ చాలు. కొన్ని నెలలు మంచి చేత్తో సీటు కమ్మీ పట్టుకోండి.

ముందు పెండ్యులం. మంచి చెయ్యి బల్లకి ఆనించి వంగి, రెండో చెయ్యి వేలాడదీసి నడుము ఊపండి. చెయ్యి దానంతటదే ఊగాలి. రోజుకి మూడుసార్లు, ఒక్కో నిమిషం. దాంతోపాటు మోచెయ్యి 90 డిగ్రీలు వంచి ఒంటికి ఆనించి, ముంజేతి వెలుపలి వైపుతో గోడని 5 సెకన్లు నొక్కండి, 10 సార్లు. బలంలో మూడో వంతు పెడితే చాలు, నొప్పి రాకూడదు.

అసలు పని రబ్బరు బ్యాండ్‌ది. ఫిజియో సరేనన్నాక, సాధారణంగా 6వ వారం ప్రాంతంలో మొదలవుతుంది. తేలిగ్గా సాగే పసుపు బ్యాండ్‌ని మోచేతి ఎత్తులో కిటికీ ఊచకి కట్టి, మోచేతికీ డొక్కకీ మధ్య చుట్టిన టవల్ పెట్టి, ముంజేతిని పొట్ట దగ్గర్నుంచి బయటికి తిప్పండి. ఎదురుగా వచ్చాక ఇంకొంచెం, అంతే. వెనక్కి రావడానికి 3 సెకన్లు తీసుకోండి. 12 చొప్పున 3 సెట్లు. టవల్ జారిపడిందంటే భుజం వెనకుండే చిన్న కండరాల పనిని పైనున్న పెద్ద కండరం లాగేసుకుంటోందని అర్థం. భుజం చెవి దగ్గరికి లేస్తున్నా, మణికట్టు వెనక్కి వంగుతున్నా సరిగ్గా చెయ్యనట్టే. అంతకన్నా గట్టిదైన ఎర్ర బ్యాండ్‌కి పోకండి, పసుపుతోనే సరిగ్గా రానివ్వండి. జిమ్ కుర్రాళ్లు బోల్తాపడేది ఇక్కడే, రంగు మార్చడమే ప్రోగ్రెస్ అనుకుంటారు.

పుషప్స్ ముందు గోడమీద, తర్వాత బల్లమీద. నేలమీద సుమారు మూడు నెలలకి, అదీ మోచేతులు డొక్కలకి దగ్గరగా. డిప్స్ (రెండు కమ్మీల మధ్య చేతులమీద ఒంటిని దించి లేపడం), మెడ వెనక్కి లాగే పుల్‌డౌన్ మర్చిపోండి.

వాలీబాల్‌కి 4 నుంచి 6 నెలలు. రెండు చేతులూ సమానంగా తిరగాలి, బలం దాదాపు సమానం కావాలి, చెయ్యి వెనక్కి లాగితే జారుతుందేమోనన్న బెదురు ఉండకూడదు. రుషికొండలో ఈతా అప్పుడే, అలలు చేతిని ఎటు లాగుతాయో చెప్పలేం.

జబ్బ పైభాగంలో వెలుపలి చర్మం మొద్దుబారితే, చెయ్యి పక్కకి లేవకపోతే ఆలస్యం చెయ్యకండి, నరం దెబ్బతిని ఉండొచ్చు. కేజీహెచ్ (కింగ్ జార్జ్ ఆసుపత్రి) ఆర్థో ఓపీలో అయినా చూపించండి. 25 లోపు వాళ్లకి మళ్లీ జారడం ఎక్కువ. రెండోసారి జారితే వ్యాయామంతో సరిపెట్టకుండా, ఎమ్మారై తీయించి సర్జరీ గురించి అడగండి. జారినప్పుడు ఫ్రెండ్స్‌తో మాత్రం చెయ్యి లాగించుకోకండి. ఎముక విరిగిందేమో ఎక్స్‌రేలో చూశాకే సాధారణంగా డాక్టర్లు కీలు ఎక్కిస్తారు.