ట్యాబ్‌లో మార్కులు తగ్గాయి... నాన్నగారికి మతిమరుపు వచ్చినట్టేనా?

ప్రశ్న: డాక్టరుగారూ, మాది మద్దిలపాలెం. నాన్నగారికి 71 ఏళ్లు. పోర్టులో ఫిట్టరుగా చేసి రిటైరయ్యారు. తెలుగు మీడియంలో పదో తరగతి దాకా చదివారు. బెంగళూరులో ఉండే తమ్ముడు సంక్రాంతికి వచ్చి, ట్యాబ్‌లో జ్ఞాపకశక్తి పరీక్ష ఒకటి పెట్టి ఇచ్చాడు. పక్కన ఎవరూ చెప్పకుండా పెద్దవాళ్లే చేసుకోవాలట. సూచనలన్నీ ఇంగ్లిషులోనే. చివర్లో మార్కులు ఎర్రరంగులో వచ్చాయి. ఆ రాత్రి నాన్నగారు అన్నం ముట్టలేదు. తమ్ముడేమో రోజూ చేయించమంటున్నాడు. చేయించమంటారా? ఈమధ్య కరెంటు బిల్లు రెండుసార్లు కట్టారు గానీ, అలాంటివి ఎవరికైనా జరిగేవే కదా.
– ఒక పాఠకురాలు, విశాఖపట్నం

జవాబు: అమ్మా, రోజూ చేయించకండి. అవే బొమ్మలు, అవే ప్రశ్నలు మళ్లీ మళ్లీ చూస్తే చెయ్యి అలవాటు పడి మార్కులు పెరుగుతాయి. అది చూసి బాగయిందనుకుంటారు. అసలు మార్పు దాని వెనక దాగిపోతుంది.

ఆ ఎర్రరంగు గురించి మా ఇంట్లో జరిగింది చెబుతాను. మా అమ్మకి 78. ఇలాంటి పరీక్షే ఒకటి ఇచ్చి, నేను వెనక కుర్చీలో కూర్చున్నాను. గుండ్రం కనపడగానే తాకాలి. అమ్మ గోటితో నొక్కింది, ట్యాబ్ పలకలేదు. వేలితో నొక్కింది. పొడిబారిన వేలు కదా, రెండుసార్లకి ఒకసారే పలికింది. ఈసారి గట్టిగా అదిమిపట్టేసరికి ఇంకేదో తెరుచుకుంది. కిందికి చూసే కళ్లద్దం కోసం తల పైకెత్తుతోంది. ఇంతలో వంటింట్లో కుక్కర్ కూసింది. "మూడోది" అంది అమ్మ. కుక్కర్ కూతల లెక్క తప్పలేదు, తెరమీద అంకెల వరస తప్పింది. మార్కులు పోయాయి. వారం తర్వాత ఓ అరగంట ఉత్తినే ట్యాబ్ తాకడం అలవాటు చేసి, వేళ్లు కాస్త తడి చేసి తుడిపించి, పొద్దున పదింటికి మళ్లీ ఇచ్చాను. చాలా మెరుగ్గా చేసింది. మొదటిరోజు ఆ ట్యాబ్ కొలిచింది అమ్మ జ్ఞాపకాన్ని కాదు, వేలిని.

చదువు సంగతి కూడా ఉంది. డాక్టర్లు ఎక్కువగా వాడే మోకా అనే పరీక్షని కెనడాలో నస్రెద్దీన్ అనే వైద్యుడి బృందం తయారుచేసి 2005లో ప్రచురించింది. మొత్తం 30 మార్కులు, 26 వస్తే మామూలే అని లెక్క. పన్నెండేళ్లు, అంతకంటే తక్కువ చదివినవాళ్లకి ఒక మార్కు కలుపుతారు. గుర్తుపెట్టుకోమని ఇచ్చే మాటల్లో డైసీ పువ్వు ఉంటుంది. మల్లె, కనకాంబరం ఎరిగిన మనిషికి డైసీ ఏం గుర్తుంటుంది? అందుకే హైదరాబాదు నిమ్స్ వైద్యులు ఇలాంటి పరీక్షని తెలుగువాళ్లకి తగ్గట్టు మలిచి వాడుతున్నారు. ఇంగ్లిషు సూచనలు కూడబలుక్కుని చదివిన ఫిట్టరుగారికి వచ్చిన మార్కుల మీద తీర్పు చెప్పడం అన్యాయం.

అయితే మీరు చివర్లో ఒక్క ముక్కలో తేల్చేసిన కరెంటు బిల్లు దగ్గర నేను ఆగిపోయాను. నాకు ఎర్రరంగు కంటే అదే ముఖ్యం. ఫోన్లో డబ్బు వెళ్లిందో లేదో తెలియక మళ్లీ కట్టారా? అయితే చింత లేదు. కట్టిన సంగతే గుర్తులేక మర్నాడు కౌంటరు దగ్గర నిలబడ్డారా? అలాగైతే వెంటనే డాక్టరుకి చూపించాలి. తెలిసిన దారి తప్పడం, చెప్పిందే గంటలో మళ్లీ చెప్పడం, ఎప్పుడూ చేసే లెక్కల్లో తడబడటం ఉన్నాయేమో అమ్మగారిని అడగండి. ఆవిడే ముందు గమనించి ఉంటారు.

భయపడి దాచుకోవద్దు. మన దేశంలో అరవై దాటినవాళ్లలో డిమెన్షియా, అంటే రోజువారీ పనులకి అడ్డొచ్చేంత మతిమరుపు జబ్బు, ఉన్నది 7.4 శాతం మందికని 2023లో వచ్చిన అంచనా. మరుపుతో వచ్చేవాళ్లలో కొందరికి థైరాయిడ్, బీ12 లోపం, దిగులు, వినికిడి తగ్గడం, నిద్రమాత్రలు కారణమవుతాయి. వీటికి వైద్యం ఉంది. పోర్టు పెన్షనర్లకి వాళ్ల ఆస్పత్రి ఉంది, లేదంటే కేజీహెచ్ న్యూరాలజీ ఓపీకి వెళ్లండి. ఆయన వేసుకునే మాత్రలన్నీ ఒక సంచిలో వేసుకుని వెళ్లండి, జలుబు మాత్రతో సహా.

ట్యాబ్ పరీక్ష పనికిరానిదనడం లేదు. ఆరు నెలలకోసారి, అదే ట్యాబ్ మీద, అదే వేళకి, తెలుగులో ఉన్నది చేస్తే, ఆయన్ని ఆయనతోనే పోల్చుకోవచ్చు. పక్కనుంచి జవాబులు మాత్రం అందించకండి. ప్రేమతో అందించినా పరీక్ష పాడవుతుంది.

ఈ రాత్రికి నాన్నగారితో, ఆ పరీక్ష ఇంగ్లిషుది, మనకి కుదరలేదని చెప్పి, పక్కన కూర్చుని అన్నం పెట్టండి. ఆ రెండు బిల్లుల రసీదులు మాత్రం పారేయకండి. డాక్టరుకి చూపించాలి.