పీఎఫ్ తీసేసి ప్లాటు కొనమంటున్నారు.. కొనాలా?

ప్రశ్న: నాకు 46 ఏళ్లు. విజయనగరం జిల్లాలో ఓ జూట్ మిల్లులో 24 ఏళ్ల సర్వీసు. మిల్లు మూసేస్తున్నామని నోటీసు పెట్టారు. బేసిక్, డీఏ కలిపి 13 వేలు. పీఎఫ్‌లో 6 లక్షల దాకా ఉంది. అది తీసేసి, ఇల్లు కూడా అమ్మేసి, భోగాపురం ఎయిర్‌పోర్టు దగ్గర ప్లాటు కొని గాజువాకలో అద్దెకు ఉండమంటున్నాడు మా బావమరిది. నాకేమో ఊరు వదలాలని లేదు.

జవాబు: ఊరు వదలాలని లేదన్న మాటని ఏదో తప్పు ఒప్పుకున్నట్టు రాశారు. అందులో తప్పేమీ లేదండీ. మా నాన్న కూడా మిల్లు కార్మికుడే. బి షిఫ్టు దిగి వచ్చి, గుమ్మం బయటే నిలబడి తలకు పట్టిన నార పీచు దులుపుకునేవారు. మిల్లు మూతపడ్డాక పీఎఫ్ మొత్తం ఒకేసారి తీసి, తెలిసినవాళ్లే కదా అని ఓ చిట్టీలో పెట్టారు. పైసా తిరిగి రాలేదు. మీ ఉత్తరం చదువుతుంటే ఆ రోజులే గుర్తొచ్చాయి.

ముందు మీకు రావలసింది చూద్దాం. మొదటిది గ్రాట్యుటీ, అంటే ఏళ్ల తరబడి చేసిన సర్వీసుకు మిల్లు ఇవ్వాల్సిన మొత్తం. నెలకు 26 పనిరోజుల లెక్కన, ఏడాది సర్వీసుకు 15 రోజుల జీతం. 13 వేలను 26తో భాగించి 15తో గుణిస్తే 7,500. 24 ఏళ్లకు గ్రాట్యుటీ 1,80,000. ఇది కాక, మూసివేత పరిహారం సర్వీసు ఏడాదికి 15 రోజుల సగటు జీతం. యాజమాన్యం చేతిలో లేని కారణంతో మూస్తే దాన్ని మూడు నెలల జీతానికి కుదించే వీలుంది. కానీ నష్టాలొచ్చాయనో, సరుకు అమ్ముడుపోలేదనో చెబితే ఆ వీలు వర్తించదు. అందుకని ఏ కాగితం మీదా తొందరపడి సంతకం పెట్టకండి. అందులో 'స్వచ్ఛందంగా రాజీనామా చేస్తున్నాను' అన్న ముక్క ఉంటే ఈ పరిహారం పోయినట్టే. యూనియన్ వాళ్లతో చదివించుకున్నాకే పెట్టండి.

పీఎఫ్ కదపొద్దు. చందా ఆగినంత మాత్రాన వడ్డీ వెంటనే ఆగదు. 2024-25కి 8.25 శాతం ఇచ్చారు. పదేళ్ల సర్వీసు ఎప్పుడో దాటింది కాబట్టి 58కి పెన్షన్ మీ హక్కు. 50కే తీసుకోవచ్చు గానీ, ముందు తీసుకున్న ప్రతి ఏడాదికీ 4 శాతం చొప్పున తగ్గుతుంది. కొత్త పని దొరికేదాకా గ్రాట్యుటీ, పరిహారంతోనే ఇల్లు నడపండి.

ఎయిర్‌పోర్టు వచ్చినా ప్లాటు నెలనెలా బియ్యం తెచ్చిపెట్టదు. పైగా మిల్లు మూతపడిన నెలలో ఇల్లు అమ్మితే కొనేవాడు చెప్పిందే ధర. ఈ రోజు మీకు అద్దె లేదు. గాజువాక వెళ్తే ఒకటో తారీఖుకల్లా ఆ టెన్షన్ మొదలవుతుంది. పని విశాఖలో దొరికితే సీజన్ టికెట్ తీసుకుని రైల్లో వెళ్లిరండి, ఇల్లు మాత్రం ఊళ్లోనే ఉండనివ్వండి. బావమరిది ఇంకా పట్టుబడితే లేఅవుట్‌కి వీఎంఆర్‌డీఏ (విశాఖ ప్రాంత అభివృద్ధి సంస్థ) అనుమతి, రెరా (స్థిరాస్తి నియంత్రణ సంస్థ) నంబరు చూపించమనండి.

ఈ వారమే ఓ పని చేయండి. పీఎఫ్ ఖాతాలో, ఆధార్‌లో మీ పేరు, పుట్టిన తేదీ ఒకేలా ఉన్నాయా, నామినీగా మీ ఆవిడ పేరు ఎక్కిందా చూసుకోండి. తేడా ఉంటే మిల్లు ఆఫీసులో గుమస్తాలు ఇంకా కుర్చీల్లో ఉండగానే సరిచేయించుకోండి. గేటుకి తాళం పడ్డాక మిల్లు వాళ్ల సంతకం కోసం తిరగాల్సి వస్తుంది.