కోడ్ మొదలవకముందు పిన్ను ఎవరి మాట వింటుంది?

చిరంజీవి చిన్నాకి,

మామయ్య ఆశీస్సులు. బోర్డుకి పవర్ ఇవ్వగానే రిలే (పిన్ను చెబితే పడే విద్యుత్ స్విచ్చి) ఒకసారి టక్కుమంటోందనీ, కోడంతా వెతికినా తప్పు దొరకడం లేదనీ రాశావు. దొరకదురా. కోడ్ మొదలవకముందే జరిగిపోతోంది అది. బెంగళూరు పీణ్యాలో నువ్వు చేస్తున్నది పంపు స్టార్టర్. అక్కడ ఆ టక్కు అంటే మోటారుకి కరెంటు కలిపే పెద్ద స్విచ్చి, కాంటాక్టర్, పట్టుకున్నట్టే, కాబట్టి తేలిగ్గా తీసుకోకు.

ప్రోగ్రాం మొదలయ్యే సెటప్‌ భాగంలో మొదటి లైనే పిన్నుని ఆఫ్ చేస్తోంది కదా అన్నావు. ఆ లైను దాకా రావాలంటే సప్లై నిలదొక్కుకోవాలి, క్లాక్ కుదురుకోవాలి, బూట్‌లోడర్ (నీ ప్రోగ్రాంకన్నా ముందు నడిచే చిన్న ప్రోగ్రాం) తప్పుకోవాలి. ఆర్డుయినో ఊనోలో సీరియల్ మానిటర్ తెరిస్తే చాలు, బోర్డు రీసెట్ అవుతుంది. కొత్త ప్రోగ్రాం వస్తుందేమోనని బూట్‌లోడర్ దాదాపు సెకను ఆగి చూస్తుంది. అంతసేపూ నీ పిన్ను ఇన్‌పుట్టే, ఎటూ లాగదు. గేటుకి రెసిస్టర్ లేకపోతే, ఆ సెకనులో మాస్‌ఫెట్ (రిలేకి కరెంటు వదిలే ట్రాన్సిస్టర్) గేటు, అంటే దాన్ని తెరిచే కాలు, దిక్కులేనిదై వేలాడుతుంది. వేలు దగ్గరికి తెచ్చినా సగం తెరుచుకోవచ్చు, సగం తెరుచుకుందంటే వేడెక్కిపోతుంది.

అన్ని చిప్పులదీ ఒకే తీరు కాదు. ఊనోలో ఉండే ఏటీమెగా328పీ రీసెట్‌లో పిన్నులన్నీ వదిలేస్తుంది. పాత 8051 చిప్పు పోర్టుల్ని, అంటే పిన్నుల గుంపుల్ని, హై (ప్లస్ వోల్టేజీ) స్థాయిలో పెడుతుంది. అందుకే ఆ కాలపు వాళ్లు పిన్ను లో (సున్నా వోల్టు) స్థాయికి వస్తేనే రిలే పట్టేలా సర్క్యూట్ వేసేవాళ్లు. ఈఎస్‌పీ32లో 5, 15 పిన్నులకు రీసెట్‌లోనే లోపలి పుల్-అప్ (ప్లస్ వైపు లాగే రెసిస్టర్) ఉంటుంది, సుమారు 45కే, అంటే 45 కిలో ఓమ్‌లు. నువ్వు గేటు నుంచి గ్రౌండ్‌కి 100కే పెట్టావన్నావు. లెక్క వేసి చూడు: 3.3 వోల్టుల్లో గేటు మీద దాదాపు 2.3 నిలుస్తుంది. లాజిక్ లెవెల్ మాస్‌ఫెట్ (తక్కువ వోల్టేజీకే పనిచేసే రకం) తెరుచుకోవడానికి అది చాలు. అదే 10కే అయితే 0.6. అసలు మోటారు పనికి ఆ పిన్నుల జోలికి పోకపోవడమే మేలు. 12వ పిన్నుకైతే పుల్-అప్ పెట్టనే పెట్టకు. బూట్ సమయంలో అది హైలో ఉంటే ప్రోగ్రాం దాచే ఫ్లాష్ మెమరీకి 1.8 వోల్టులే వెళ్తాయి, మామూలు మాడ్యూల్ లేవదు.

ఎలక్ట్రానిక్స్ సామాన్లకి ఎస్పీ రోడ్డుకి వెళ్లినప్పుడు 10కేలు గుప్పెడు తెచ్చుకో. పిన్ను లో స్థాయిలో ఉంటే పట్టే రిలే మాడ్యూల్ అయితే రెసిస్టరు పైకి, అంటే ప్లస్‌కి వెయ్యాలి. ఊనో కోడ్‌లో కూడా ముందు డిజిటల్‌రైట్ హై (పిన్ను విలువ), తర్వాతే పిన్‌మోడ్ అవుట్‌పుట్ (పిన్ను దిశ). తిరగేసి రాస్తే మధ్యలో ఒక్క క్షణం పిన్ను లో స్థాయికి పడిపోతుంది. రిలే అందుకోకపోవచ్చు గానీ, రిలేకి బదులు ఎలక్ట్రానిక్ స్విచ్చి వాడితే, వేగంగా స్పందించే దాని ట్రయాక్ డ్రైవర్ వదలదు.

ఇప్పుడు మోటారు వైర్లు విప్పేసి, వాటి చోట బల్బు పెట్టు. రీసెట్ బటన్ నొక్కి పట్టుకుని గేటు మీద మీటరు పెట్టు. ఆ అంకె నీ రెసిస్టర్ చెప్పేదే, నీ ప్రోగ్రాం కాదు. తర్వాత బెంచ్ సప్లైని సున్నా నుంచి నెమ్మదిగా పెంచు, అలాగే దించు. కరెంటు పోయి ఇన్వర్టర్ అందుకునేటప్పుడు వచ్చే వోల్టేజీ కుంగుబాటు కొంతవరకు ఇలా కనిపిస్తుంది. ఏటీమెగాని 16 మెగాహెర్ట్జ్‌లో నడుపుతుంటే బ్రౌన్-అవుట్ (వోల్టేజీ తగ్గితే చిప్పుని రీసెట్‌లో ఉంచే హద్దు) 4.3 వోల్టులకి పెట్టు, 2.7 సరిపోదు.

ఇంకొకటి, పిన్ను ఎంత బుద్ధిగా ఉన్నా కాంటాక్టర్‌కి స్టార్ట్ బటన్, హోల్డింగ్ కాంటాక్ట్ (బటన్ వదిలాక కాంటాక్టర్‌ని పట్టి ఉంచేది) విడిగా ఉండాల్సిందే. మీ బాసు ఖర్చంటే నా పేరు చెప్పు. ఆదివారం అక్కతో వస్తే బోర్డు కూడా పట్టుకురా, ఆసిలోస్కోపు పెట్టి చూద్దాం.

మీ మామయ్య