పెద్దవయసు స్నేహితులతో కాలువ గట్టున ఒక రోజు

సందేహం: మేరీల్యాండ్ వచ్చి నాలుగు నెలలైంది. ఆఫీసులో ఒకాయన, ఆయన స్నేహితులు ముగ్గురు, అందరూ అరవై దాటినవారే, శనివారం పొటోమాక్ నది పక్కన కాలువ గట్టు మీద పది కిలోమీటర్లు నడుద్దాం రమ్మన్నారు. వాళ్ళతో నాకు ఏం మాటలుంటాయి? దారిలో వాళ్ళకు ఏమైనా అయితే? ఏం పట్టుకెళ్ళాలి?

తప్పకుండా వెళ్ళండి. ఈ ప్రాంతానికి వచ్చి నాకు ఇరవై రెండేళ్ళు. ఇక్కడ దొరికిన మంచి స్నేహాల్లో సగం ఆ గట్టు మీద మొదలైనవే. పెద్దవాళ్ళంటే మనకు గౌరవించవలసినవారు, కనిపెట్టుకుని ఉండవలసినవారు. వాళ్ళు స్నేహితులు కూడా కావచ్చన్న ఆలోచన మనకు త్వరగా రాదు. ఇక్కడ డెబ్బై ఏళ్ళాయన ముప్ఫై ఏళ్ళ కుర్రవాణ్ణి నా స్నేహితుడని నలుగురికీ పరిచయం చేస్తాడు. తేదీ, వేళ చెప్పి మరీ పిలిచారంటే అది మాటవరసకు పిలిచిన పిలుపు కాదు.

పేరుతో పిలవమంటే పేరుతోనే పిలవండి. నాకు నోరు రావడానికి ఆరు నెలలు పట్టింది. అంకుల్, ఆంటీ అంటే వాళ్ళకు గౌరవంగా వినిపించదు, దూరం పెట్టినట్టు ఉంటుంది. మన గౌరవం చూపడానికి వేరే చోట్లున్నాయి. ఎనిమిదింటికి అంటే ఏడు యాభై ఐదుకే అక్కడ ఉండడం వాటిలో మొదటిది.

మీరు నడవబోయే గట్టు మామూలు దారి కాదు. చెసపీక్ అండ్ ఒహాయో కాలువ అది. వాషింగ్టన్‌లోని జార్జ్‌టౌన్ నుంచి మేరీల్యాండ్ పడమటి కొసన ఉన్న కంబర్లాండ్ ఊరి వరకు 184.5 మైళ్ళు. 1828 జూలై 4న అధ్యక్షుడు జాన్ క్విన్సీ ఆడమ్స్ మొదటి పార వేశాడు. అదే రోజు బాల్టిమోర్‌లో రైలు మార్గానికీ శంకుస్థాపన జరిగింది. రైలు 1842లో కంబర్లాండ్ చేరితే, కాలువ చేరేసరికి 1850 అయింది. తవ్వినవారిలో చాలామంది ఐర్లండ్ నుంచి పొట్టచేత పట్టుకుని వచ్చిన వలస కూలీలు. 1832లో కలరా వచ్చి వాళ్ళలో ఎందరినో తీసుకుపోయింది. మనలాగే సముద్రం దాటి వచ్చినవారు. ఆ గట్టు మీద నడిచేటప్పుడు వాళ్ళు నాకు గుర్తుకు రాకుండా ఉండరు.

గట్టు ఎందుకంటే, పడవలను కంచరగాడిదలు తాడుతో లాగేవి. అవి నడిచిన దారే ఇప్పుడు మనం నడిచేది. మాది గోదావరి డెల్టా. మా తాతగారి చిన్నతనంలో కాలువ గట్టున మనుషులే తాడు భుజాన వేసుకుని పడవలు లాగేవారని చెప్పేవారు. ధవళేశ్వరం లాకులు చూసి పెరిగినవాణ్ణి కాబట్టి ఇక్కడి లాకు చూడగానే నాకు ఏదీ విడమరిచి చెప్పవలసిన పని లేకపోయింది. పడవను లోపలికి తీసుకుని తలుపులు మూయడం, నీళ్ళు నింపి పైకి లేపడం, అంతా అదే. ఈ కాలువలో అలాంటివి 74 ఉన్నాయి. 605 అడుగుల ఎత్తు వాటితోనే ఎక్కుతుంది.

మాటలేముంటాయని అడిగారు కదా. నా రెండో నడకలో డెబ్బై నాలుగేళ్ళ ఆవిడ ఒక లాకు దగ్గర ఆగి, గోడ అంచు రాయి మీద నా వేలు పెట్టించింది. రాతిలో నున్నగా అరిగిన గాడి, నా చూపుడు వేలు సరిగ్గా పట్టేంత. ఏళ్ళ తరబడి తాళ్ళు ఒరుసుకుని పడ్డ గాడి అది. పక్క రాయి మీద, చెక్కిన పనివాడు తనదని చెప్పుకోవడానికి వేసుకున్న చిన్న గుర్తు ఉంది. అప్పుడు నేను మా తాతగారి సంగతి చెప్పాను. ఆవిడ తన నాన్నగారి బొగ్గుగని ఊరి సంగతి చెప్పింది. తర్వాతి రెండు మైళ్ళు ఎప్పుడు గడిచాయో తెలియలేదు. మన ఊరి సంగతులు ఇక్కడివారికి పట్టవని అనుకోకండి. అడుగుతారు, శ్రద్ధగా వింటారు. మీరు కూడా అడగండి. జీతం, వయసు, పిల్లలకు పెళ్ళి ఎందుకు కాలేదు, ఈ మూడు మాత్రం వద్దు.

ఆ గట్టు ఈ రోజుకీ ఉండడానికి కారణం కూడా నడకే. 1924 వరదతో పడవలు ఆగిపోయాయి. తర్వాత కాలువ వెంట కార్ల రోడ్డు వేద్దామన్నారు. 1954లో సుప్రీంకోర్టు న్యాయమూర్తి విలియం ఓ. డగ్లస్, ఆ రోడ్డును సమర్థించిన పత్రికా సంపాదకులను తనతో నడిచి చూడమని పిలిచాడు. కంబర్లాండ్ నుంచి ఎనిమిది రోజుల నడక. పూర్తిగా నడిచినవారు తొమ్మిదిమంది. అప్పటికి ఆయనకు 55 ఏళ్ళు. ఆ నడక తర్వాత రోడ్డు ఆలోచన వెనక్కిపోయింది, 1971లో ఇది జాతీయ చారిత్రక ఉద్యానమైంది. మీ పెద్దవాళ్ళను అడిగితే ఈ కథ ఇంతకంటే బాగా చెబుతారు.

వాళ్ళకు ఏమైనా అవుతుందన్న భయం ముందు పక్కన పెట్టండి. గట్టు దాదాపు చదునుగా ఉంటుంది. వాళ్ళకు అలవాటైన దారి. ముందు అలిసేది మీరే కావచ్చు. కొత్త బూట్లతో వెళ్ళకండి, నాలుగో మైలుకు మడమలు బొబ్బలెక్కుతాయి. అడగకుండా మోచెయ్యి పట్టుకోవద్దు. మొదటిసారి నేను జారుడుగా ఉన్నచోట ఒకావిడ చెయ్యి పట్టేశాను. ఆవిడ మెల్లగా విడిపించుకుని, కావలసినప్పుడు అడుగుతానంది. ఆ రోజంతా ఆ మాట నన్ను బాధపెట్టింది, కానీ ఆవిడ అన్నది సబబే. చెయ్యి ఇవ్వమంటారా అని అడగండి, వద్దంటే ఊరుకోండి. వాళ్ళ వేగంలో నడవండి. ముందుకు వెళ్ళిపోయి ఆగి చూడడం మర్యాద కాదు. నిజంగా అవసరమైతే 911కు ఫోను చేసి, గట్టు పక్కన కనిపించే మైలురాయి అంకె చెప్పండి. వచ్చేవారికి అదే చిరునామా. ఫోను అన్నిచోట్లా పనిచేయదు కాబట్టి ఎటు వెళుతున్నారో ఇంట్లో చెప్పి బయలుదేరండి.

గట్టు కన్నా ఎక్కువ భయపడవలసింది పిడుదులకు. నల్లకాళ్ళ పిడుదు కుడితే లైమ్ అనే జబ్బు రావచ్చు. పొడవు ప్యాంటు వేసుకుని అంచులు సాక్సులోకి దోపండి. ఇంటికి రాగానే చంకలు, మోకాళ్ళ వెనక, జుట్టులో వెతుక్కోండి. అంటుకుని ఉంటే పట్టుకారుతో తల దగ్గర పట్టి తిన్నగా పైకి లాగాలి. చాలావరకు ఒక రోజుకు పైగా అంటిపెట్టుకుని ఉంటేనే జబ్బు సోకుతుంది, కాబట్టి ఆ రాత్రే వెతకడం ముఖ్యం. మూడేసి ఆకులతో ఉండే, తగిలితే దద్దుర్లు తెచ్చే పాయిజన్ ఐవీ మొక్కను ముట్టుకోకండి. నదిలో కాలు పెట్టకండి. పైకి నిదానంగా కనిపించినా గ్రేట్ ఫాల్స్ జలపాతం వైపు సుడులు ప్రాణాలు తీశాయి, అక్కడ దిగడం నిషేధం.

తిండి ఎవరిది వారు తెచ్చుకుంటారు. పులిహోర పట్టుకెళ్ళండి, కాస్త ఎక్కువే. ఇచ్చేముందు వేరుశనగ పడుతుందా అని తప్పకుండా అడగండి. వద్దంటే బలవంతం చేయకండి. నీళ్ళు రెండు లీటర్లు. చెత్త మళ్ళీ మీ సంచీలోనే ఇంటికి రావాలి. సైకిల్ గంట వినిపిస్తే కుడివైపుకు జరగండి.

పెన్నీఫీల్డ్ లాకు దగ్గర బయలుదేరి, సెనెకా దగ్గర ఎర్రరాతి లాకు, దాన్ని అంటిపెట్టుకుని, కాలువనే వాగు మీదుగా దాటించే వంతెన చూసి వెనక్కి వస్తే ఇంచుమించు పది కిలోమీటర్లు. బహుశా మిమ్మల్ని అటే తీసుకెళ్తారు. వాషింగ్టన్‌లో స్మిత్సోనియన్ మ్యూజియాల సంస్థకు చెందిన, కోట అని పిలిచే పాత భవనం కట్టిన ఎర్రరాయి ఆ సెనెకాదే. ప్రవేశ రుసుము లేదు, గ్రేట్ ఫాల్స్ దగ్గర ఉంది. రేపు మీ అమ్మానాన్నలకు గ్రీన్‌కార్డు వచ్చి 62 దాటి ఉంటే, ఇలాంటి జాతీయ ఉద్యానాల ప్రవేశానికి 80 డాలర్లకు జీవితాంతం పనిచేసే సీనియర్ పాస్ దొరుకుతుంది. విజిటర్ వీసా మీద వచ్చినవారికి ఇవ్వరు.

సోమవారం రెండు మాటల్లో కృతజ్ఞత చెప్పండి. నెల తిరిగేలోగా ఈసారి మీరు పిలవండి. మోనోకసీ నది మీద ఏడు కమానుల రాతి వంతెన నుంచి పాయింట్ ఆఫ్ రాక్స్ వరకు ఆరు మైళ్ళు. ఒక కారు అటు చివర ముందే పెట్టి వస్తే తిరిగి నడవనక్కర్లేదు.