పదిహేను శాతానికి పోకముందు ఆ పది శాతం సంగతి చూడు

తమ్ముడూ,

సిలికా మీద 10 శాతం కాపర్ ఎక్కించి చేసిన నీ కెటలిస్ట్‌కి (రసాయన చర్యను వేగంగా నడిపే ఉత్ప్రేరకానికి) యాక్టివిటీ, అంటే చర్యను నడిపే చురుకు, రాలేదని ఇప్పుడు 15 శాతంతో చేస్తానంటున్నావు. ఆగు. ఉన్న కాపర్ ఎక్కడ కూర్చుందో ముందు చూడు.

కాపర్ నైట్రేట్ ద్రావణం పోసి, కలిపి, తిన్నగా ఓవెన్‌లో పెట్టేశావు కదా. నైట్రేట్ సిలికాను గట్టిగా పట్టుకోదు. నీరు ఆవిరవుతున్న వైపే జరుగుతూ వచ్చి రంధ్రాల మూతుల దగ్గర పేరుకుంటుంది. గిన్నెలో పొడి పైపొర ముదురు నీలంగా, అడుగున వెలసిపోయినట్టు ఉందా? అయితే అక్కడే చెడింది. పైగా మూసి ఉన్న మఫిల్ ఫర్నేస్‌లో (పెట్టె లాంటి కొలిమిలో) కాలిస్తే నైట్రేట్ విడిపోయేటప్పుడు వచ్చే ఆవిరి, గ్యాసులు పొడి చుట్టూనే ఉండిపోయి ఆక్సైడ్ ముద్దలు కడుతుంది. గాలి పారే ట్యూబ్ ఫర్నేస్ వాడు, పొడి పలచగా పరుచు.

నన్నడిగితే అమ్మోనియా పద్ధతికి మారు. నైట్రేట్‌లో అమ్మోనియా కలిపితే చిక్కటి నీలం వస్తుంది, పీహెచ్ 11 దాటుతుంది. అప్పుడు సిలికా ఉపరితలానికి రుణావేశం, కాపర్ అయాన్‌కి ధనావేశం, కాబట్టి అది వెళ్లి అతుక్కుంటుంది. 80, 90 డిగ్రీల దగ్గర కలుపుతూ అమ్మోనియాను పోగొట్టి, పీహెచ్ 7 దగ్గరికి దిగాక వడకట్టు. కాపర్ ఫిల్లోసిలికేట్ (కాపర్, సిలికా కలిసిన పొరల పదార్థం) ఏర్పడుతుంది, దాన్ని రిడ్యూస్ చేశాక, అంటే హైడ్రోజన్‌తో లోహం వైపు మార్చాక, లోహంతో పాటు ఒక వేలెన్సీ కాపర్ (Cu⁺) కూడా మిగులుతుంది. ఎస్టర్ హైడ్రోజనేషన్‌కి (ఎస్టర్లకు హైడ్రోజన్ చేర్చే చర్యకి) ఆ రెండూ కావాలి.

జింక్, అల్యూమినాతో కోప్రెసిపిటేషన్ (లవణాలన్నిటినీ కలిపి ఒకేసారి అవక్షేపించడం) చేసే రోజొస్తే వాషింగ్‌లో బద్ధకించకు. సోడియం కార్బొనేట్‌తో అవక్షేపించిన ఒక బ్యాచ్‌ని నేను రెండుసార్లు కడిగి చాలనుకున్నా. మిగిలిన సోడియం వల్ల కాపర్ కణాలు పెద్దవై రెండు వారాల పని మట్టిలో కలిసింది. అప్పటి నుంచి కడిగిన నీళ్ల కండక్టివిటీ పడిపోయి నిలకడగా ఉండేదాకా వదలను. నీలం అవక్షేపం ఆకుపచ్చకు తిరిగేదాకా ఏజింగ్ (అవక్షేపాన్ని ద్రావణంలోనే ఉంచి మాగనివ్వడం) కూడా ఆపకు. క్లోరైడ్ లవణం మాత్రం అసలు ముట్టుకోకు, మిగిలిపోయిన క్లోరిన్ ఉంటే కాపర్ ఒకచోట నిలవదు.

రిడక్షన్‌లో తొందర పడొద్దు. కాపర్ ఆక్సైడ్ రిడ్యూస్ అవుతూ మోల్‌కి దాదాపు 85 కిలోజౌళ్ల వేడి వదులుతుంది. 5 శాతం హైడ్రోజన్ ఉన్న గ్యాసు, నిమిషానికి ఒక డిగ్రీ చొప్పున వేడి పెంచడం చాలు. కాపర్ 1085 డిగ్రీలకు గానీ కరగదులే అని ధీమా వద్దు, చిన్న కణాలు 300 దాటగానే కదిలి ఒకదానితో ఒకటి కలవడం మొదలెడతాయి.

ఈ వారం కొత్తగా ఏదీ చేయకు. పాత శాంపిల్‌కే నైట్రస్ ఆక్సైడ్‌తో కాపర్ ఉపరితలం కొలిచి, ఎక్స్‌ఆర్‌డీతో (ఎక్స్‌రేలతో స్ఫటికాలను చూసే పరీక్షతో) కలిపి పంపు. దాంట్లో పీకులు సూదుల్లా ఉంటే కాపర్ కణాలు పెద్దవైపోయినట్టే, ఆ 15 శాతం మాట మళ్లీ ఎత్తకు!